పిక్క తీసిన మనిషి

తవిటయ్య ఒక మనిషి పన్ను ఊడగొట్టింది తన జన్మలో ఒక్కసారే. అది కూడా రైల్వే వర్క్‌షాపు క్యాంటీనులో, పట్టపగలు, అందరూ చూస్తుండగా, ఒక పనసతొన గురించి.

ఆ వేసవిలో ఖరగ్‌పూర్ గోల్‌బజారు నిండా పనసకాయలే. ఆమోసు ఒక పండు కొని తెచ్చి క్యాంటీను బల్లమీద కోశాడు. ఆమోసంటే ఎవరో కాదు, బాయిలరు షాపులో తవిటయ్యకి జోడీ. తవిటయ్య బయట నిలబడి రివెట్టు మీద సుత్తి వేస్తుంటే, ఇతను బాయిలరు పొట్టలోకి దూరి అవతలి వైపునుంచి ఇనపదిమ్మె ఆనించి పట్టుకునేవాడు. ఒకడి దెబ్బ ఇంకొకడి ఎముకల్లో మోగిన స్నేహం వాళ్ళది. అలాంటివాడు ఒక తొన తీసి, వేలితో నొక్కి లోపలి పిక్కని టపుక్కున బయటికి లాగి పారేసి, ఖాళీ తొనని అందరికీ ఎత్తి చూపించాడు.

"ఒరే, దీని పేరేటో తెలుసా? తవిటయ్య!"

క్యాంటీను క్యాంటీనంతా పొట్ట పట్టుకుని నవ్వింది. టీ పోసే బెంగాలీ దాదా కూడా మాట అర్థం కాకపోయినా నలుగురితో పాటు పళ్ళికిలించాడు. తవిటయ్య లేచాడు, వెళ్ళాడు, కొట్టాడు. ఆమోసు ముందు పన్ను ఊడి టీ గ్లాసులో పడింది.

కొట్టడం తప్పా అంటే తప్పే. కానీ ఆ మాట పడ్డవాడి చోట నిలబడి చెప్పమనండి చూద్దాం. అసలా మాట ఎక్కడ పుట్టిందో, ఎలా పుట్టిందో వింటే మీకూ ఒళ్ళు మండుతుంది.

తవిటయ్య తండ్రి సోంపేట దగ్గర పల్లె నుంచి పట్టాల పనికి ఖరగ్‌పూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. తవిటయ్య పుట్టింది ట్రాఫిక్ అనే పేటలోనే, రైల్వే వాళ్ళ లైనిళ్ళలో. ఇంట్లో తెలుగు, గోలీకాయల దగ్గర బెంగాలీ, కొలిమి దగ్గర హిందీ. మీసం సరిగ్గా రాకముందే బాయిలరు షాపులో చేరాడు. మనిషి తాటిమొద్దులా ఉండేవాడు. కోపం ముక్కుమీదే ఉండేది, అది దిగిపోయాక అంత మంచివాడు ఇంకొకడు లేడు. పలాస నుంచి గంగాభవానిని చేసుకుని తెచ్చుకున్నాక మరీ హుషారయ్యాడు. షిఫ్టు అవగానే సైకిలు తొక్కుకుంటూ తిన్నగా ఇంటికే. "పెళ్ళాం కొంగున కట్టేసిందిరోయ్" అని ఎవరైనా వెనకనుంచి అరిస్తే, "కట్టించుకున్నాను, నీకేటి నొప్పి?" అని తొక్కుకుంటూ పోయేవాడు. లైనిళ్ళలో మొగుడూ పెళ్ళాల సరదా దాస్తే దాగేదా? ఒకటే గోడ, అటొక కాపురం ఇటొక కాపురం. "ఆ ఇంట్లో నవ్వులకి మాకు నిద్ర నేదమ్మా" అని పక్కింటి చిలకమ్మ కుళాయి దగ్గర బుగ్గలు నొక్కుకునేది. గంగాభవాని సిగ్గుపడేది గానీ నవ్వు మాత్రం తగ్గించుకోలేదు.

బాయిలరు షాపులో ఎండాకాలమంటే నరకం. ఒంట్లో నీళ్ళన్నీ చెమటై పోయేవి. మంచినీళ్ళ కుళాయి ఆ చివర ఎక్కడో ఉండేది, పదేపదే వెళితే ఫోర్‌మన్ కళ్ళెర్రజేసేవాడు. అలా ఏళ్ళ తరబడి దాహం చంపుకుని పనిచేసిన ఒళ్ళు పంతొమ్మిదొందల అరవయ్యో సంవత్సరం వేసవిలో ఎదురు తిరిగింది. నడుములో మొదలైన పోటు పొత్తికడుపు మీదుగా తొడల్లోకి దిగితే, అంత మొద్దులాంటి మనిషీ ఇంటి గచ్చు మీద పడి పాములా మెలికలు తిరిగాడు. అరటిదూట రసం పోశారు. ఉలవల నీళ్ళు పోశారు. బార్లీ కాచి పోశారు. పోటు తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేది. చివరికి మలంచా పేటలో సేన్‌గుప్తా డాక్టరు సొంతంగా పెట్టుకున్న ఆసుపత్రికి తీసుకెళ్ళమని ఎవరో చెప్పారు. రాళ్ళు తీయడంలో ఆయన చెయ్యి మంచిదని పేరు.

చెయ్యి మంచిదే. నోటితోనే వచ్చింది చిక్కంతా.

ఈ సేన్‌గుప్తా డాక్టరుకి తెలుగంటే మహా మోజు. వచ్చే రోగుల్లో సగం మంది మనవాళ్ళే కదా, వాళ్ళ భాషలో వాళ్ళతో మాట్లాడాలని సరదా. కనిపించినవాళ్ళనల్లా అడిగి ఒక్కో మాట ఏరుకునేవాడు. ఆసుపత్రి తుడిచే జోగమ్మ ఒకరోజు వెనక వసారాలో కుంపటి మీద పనసపిక్కలు ఉడకేసుకుంటుంటే, ఆయన వచ్చి, "లోపల గట్టిగా ఉండేది, మీ భాషలో ఏమంటారు?" అని అడిగాడు. ఆయన మనసులో ఉన్నది కిడ్నీలో రాయి. ఆవిడ కళ్ళ ముందున్నది పనసకాయ. "పిక్క బాబూ" అంది. డాక్టరు సంబరపడిపోయి ఆ మాట నోట్లో పెట్టుకున్నాడు.

మన శ్రీకాకుళం వైపు మనుషులకి పిక్కంటే ఏమిటో వేరే చెప్పాలా? పనసలో ఉన్నదీ పిక్కే, చింతలో ఉన్నదీ పిక్కే, మగాడి తొడల మధ్య ఉన్నదీ పిక్కే.

ఆపరేషనయ్యాక డాక్టరు ఎనామిలు గిన్నె ఒకటి చేత్తో పట్టుకుని వరండాలోకి వచ్చాడు. అక్కడ గంగాభవానీ, తోడొచ్చిన చిలకమ్మా బిక్కుబిక్కుమంటూ కూర్చుని ఉన్నారు. డాక్టరు మొహం నిండా నవ్వే.

"దీదీ, భొయ్ నేయ్, భయం లేదు! మీ ఆయన పిక్క తీసేసినాను."

గంగాభవాని గోడ పట్టుకుంది. గిన్నె ముందుకి చాపి చూడమంటే, ఓలమ్మో అని రెండు చేతులతో మొహం కప్పేసుకుంది. చిలకమ్మ ఆ పిల్ల తలని తన భుజానికి అదుముకుని, తనూ కళ్ళు గట్టిగా మూసుకునే అడిగింది.

"రెండూనా బాబూ?"

"హా హా, రెండూ! ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఇంక జన్మలో బాధ లేదు. హాయి!"

అంతే. ఆ గిన్నెలోకి ఒక్కసారి కళ్ళు తెరిచి చూసుంటే ఈ కథే లేదు. చూడలేదు. ఎలా చూస్తారు, చూడగలిగే వస్తువనుకుంటే కదా?

చిలకమ్మ మనసు చెడ్డది కాదు, నోరే నిలవదు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుని ఒక్కరికే చెప్పింది. ఆ ఒక్కరూ ఇంకొకరికి ఒట్టు పెట్టారు. తవిటయ్య కుట్లు విప్పించుకుని ఇంటికొచ్చేసరికి ట్రాఫిక్‌లో తెలుగు కొంపల్లో ఆ కబురు తెలియనిది అతనొక్కడికే.

గంగాభవాని ఆ మాట మొగుడి ముందు ఎత్తలేదు. ఎలా ఎత్తుతుంది? అతను వచ్చినవాళ్ళందరికీ "రాళ్ళు తీసినారు, రెండు రాళ్ళు" అని చెప్పుకుంటుంటే, పాపం పరువు కోసం అలా చెప్పుకుంటున్నాడనుకుంది. కుట్లమీద తడి తగలకుండా ఒళ్ళు తుడిచేది, పంచె పైకి జరిగితే మొహం తిప్పుకునేది. చాప గోడవారకి జరిపేసుకుంది. తను దగ్గరగా ఉంటే పోయింది గుర్తొచ్చి కుమిలిపోతాడని ఆ పిల్ల భయం.

ఇక తవిటయ్య సంగతి. ఆసుపత్రి మంచం మీదే అతనికొక సంగతి తెలిసింది. తెల్లారి లేచేసరికి ఏ మగాడి ఒంట్లోనైనా ఉండే చలనం తన ఒంట్లో లేదు. గొట్టం వేసి ఉంచారు కదా, నొప్పి కదా, తగ్గాక అదే వస్తుందనుకున్నాడు. ఇంటికొచ్చాడు, గాయం మానింది, మెట్లెక్కగలిగాడు, సైకిలు తొక్కగలిగాడు. అది మాత్రం రాలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం తలుపు గడియ వేసి పెళ్ళాం చెయ్యి పట్టుకున్నాడు. ఒంట్లో ఎక్కడా ఏమీ కదల్లేదు. ఇంతలో గంగాభవాని కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుని, "వొద్దులే. ఎందుకు నీకు కష్టం" అని చెయ్యి విడిపించుకుంది.

దీనికి తెలిసిపోయింది, అనుకున్నాడు తవిటయ్య. నా మీద రోత పుట్టింది, అనుకున్నాడు. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరి మధ్యా మాటలు "అన్నం పెట్టాను", "నూనె అయిపోయింది", ఇంతే.

షాపులో నవ్వులు మొదలయ్యాక మాట చెవిన పడింది. మొదటిసారి విన్నప్పుడు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళంతా మంటలెత్తింది. పచ్చి అబద్ధం! పిక్కలు రెండూ ఉన్నాయి, కుళాయి దగ్గర గోచీ విప్పి నిలబడితే ఊరంతా చూస్తుంది! నోటిదాకా వచ్చింది ఆ మాట. వచ్చి ఆగిపోయింది. ఉన్నాయి సరే, మరి ఉండి ఏం చేస్తున్నాయిరా అని అడిగితే? చెప్పడానికి ఏముంది? వాళ్ళు అన్నది అబద్ధమే గానీ వాళ్ళు ఏ సంగతికి నవ్వుతున్నారో అది నిజం. ఏ మగాడినీ అలాంటి చోట నిలబెట్టకూడదు. కాదని గట్టిగా అరవడానికి లేదు, ఔనని ఒప్పుకోవడానికి లేదు. తవిటయ్య పళ్ళు బిగపట్టి ఊరుకున్నాడు. ఊరుకున్నాడు కాబట్టి నిజమేనన్నారు అందరూ.

డాక్టరు దగ్గరికి వెళ్ళలేదా అంటే వెళ్ళాడు. గదిలో కోటు వేసుకున్న బెంగాలీ పెద్దమనిషి ఒకడు, వాళ్ళావిడ, మందులిచ్చే ఆమె. "కీ తవిటయ్యా, శొబ్ ఠీక్?" అన్నాడు డాక్టరు. తవిటయ్యకి పుట్టినప్పటినుంచీ బెంగాలీ వచ్చు. చేపలు బేరమాడే బెంగాలీ వచ్చు, ఫుట్‌బాల్ ఆటలో తిట్టుకునే బెంగాలీ వచ్చు, పూజ చందా అడిగే బెంగాలీ వచ్చు. ఈ సంగతి ఒక పెద్దమనిషి ముందు చెప్పే బెంగాలీ మాత్రం ఒక్క ముక్క లేదు. ఆ మాటకొస్తే తెలుగులో ఉందా? వెతుక్కుంటే దొరికినవన్నీ బూతులే. "ఠీక్" అనేసి బయటికొచ్చాడు. వచ్చి తన సైకిలునే కాలితో తన్నాడు.

అదిగో, ఆ మరుసటి వేసవిలో పనసతొన. ఆమోసు పన్ను ఊడినందుకు తవిటయ్యని కొన్నాళ్ళు పనిలోకి రావద్దన్నారు. పని లేక ఇంట్లో కూర్చున్న మనిషి పులిలా తిరిగాడు. అన్నం కంచం విసిరాడు, కుళాయి దగ్గర బిందె అడ్డొస్తే తన్నాడు, చిలకమ్మ పలకరిస్తే మొహం మీద తలుపేశాడు. అందరి మీదా కోపమే. కోసిన డాక్టరు మీద, నవ్విన లోకం మీద, ఏడ్చే పెళ్ళాం మీద, అన్నిటికంటే తన తొడల మధ్య చచ్చినట్టు పడున్న తన ఒంటి మీద.

ఆ రోజుల్లోనే పలాస నుంచి గంగాభవాని అన్న వెంకటరావు దిగాడు. ఖరగ్‌పూర్ కబురు పలాస చేరడానికెంత సేపు, రోజూ బండి ఉన్నాక? అతను జీడి బట్టీలో పనిచేస్తాడు. చెల్లెలింటికి ఉత్తి చేతుల్తో రాలేక జీడిపిక్కల మూట ఒకటి తెచ్చి వసారాలో దించాడు. "ఏటి తెచ్చినావు బాబూ?" అని ఎదురింటివాళ్ళు అడిగితే, అమాయకుడు, "జీడిపిక్కలండీ, బావ కోసం" అన్నాడు. లైనంతా ఆ మధ్యాహ్నం పనులు మానేసి నవ్వింది. తవిటయ్య ఆ మూట పట్టుకెళ్ళి మురుక్కాలవలో గిరాటేశాడు.

వెంకటరావు నొచ్చుకున్నాడు గానీ వచ్చిన పని మానలేదు. "బావా, కోపగించుకోకు. నీకు జరిగింది పగోడికి కూడా జరగకూడదు. కానీ నా సెల్లి వయసెంత? పిల్లాజెల్లా నేదు. మన కులంలో మారుమనువు ఉంది కదా. పెద్దల్లో పెట్టి మాటాడుకుందాం. ఆదివారం మన కులసంగం పాకలో కూకుందాం. కులపెద్ద పెదమేస్త్రికి సెప్పినాను."

మారుమనువంటే తెలిసిందే. మొగుడు కాపురానికి పనికిరాడని కులపెద్దలు ఒప్పుకుంటే, ఆడపిల్లని పుట్టింటివాళ్ళు తీసుకెళ్ళి ఇంకొకరికిచ్చి చేస్తారు. అందులో తప్పేమీ లేదు, ఆడదాని బతుకు అలాగైనా నిలబడాలి. కానీ ఆ మాట తన ఇంట్లో, తన గచ్చు మీద కూర్చుని చెబుతుంటే తవిటయ్యకి గుండె జారిపోయింది. జారిపోయిన గుండె పైకి కోపంగానే వచ్చింది. వంటింట్లోకి వెళ్ళి గంగాభవాని మీద విరుచుకుపడ్డాడు.

"నువ్వు కబురెట్టినావా?"

"నేదు."

"పోతావా?"

పోవద్దు అని అతను ఒక్క మాట అంటాడేమోనని ఆమె ఆ మొహంలోకే చూస్తూ నిలబడింది. అతనికి ఆ చూపు అందలేదు. పోతానని చెప్పడానికి మొహమాటపడుతోందనుకున్నాడు. "పో! అందరూ పొండి!" అని గోడ అదిరేలా అరిచి బయటికి నడిచాడు.

శనివారం మలంచా వెళ్ళాడు. డాక్టరు గదిలో రోగి ఉన్నా ఆగలేదు. తలుపు తోసుకుని లోపలికి పోయి బల్లమీద రెండు చేతులూ ఆనించాడు.

"ఏటి తీసినావు నాకు?"

డాక్టరు కళ్ళజోడు సర్దుకున్నాడు. మనిషిని గుర్తుపట్టి, కోపం గుర్తుపట్టక, చక్కగా నవ్వాడు. "పిక్క!" అన్నాడు. అని బీరువా తెరిచి చిన్న సీసా ఒకటి తీసి బల్లమీద పెట్టాడు. అందులో గోధుమరంగు రాళ్ళు రెండు, ఒకటి శనగగింజంత, ఒకటి ఇంకాస్త చిన్నది. "నీవే. పెద్దది, చిన్నది. మీ వాళ్ళకి చూపించా, ఆడవాళ్ళు భయపడ్డారు."

తవిటయ్య ఆ సీసా వంక చూశాడు, డాక్టరు వంక చూశాడు. కుర్చీలో కూలబడ్డాడు. "ఈ మాట నీకెవులు నేర్పినారు?" అన్నాడు. తలుపు దగ్గర గుడ్డ పట్టుకుని నిలబడ్డ జోగమ్మ నోటిమీద చెయ్యేసుకుంది. "ఓలమ్మో! పనసపిక్క గురించి అడిగినారనుకున్నాను బాబూ" అంది.

నవ్వాలో ఏడవాలో తెలియని చోట తవిటయ్యకి కోపమొక్కటే దారి చూపించింది. "అందర్నీ బయటికి పంపు" అన్నాడు. గది ఖాళీ అయ్యింది. తలొంచుకుని, సగం హిందీ, సగం బెంగాలీ, మిగిలింది తెలుగు, ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఆపరేషన్ నుంచి మగాడిగా లేనన్నాడు. పెళ్ళాం పక్కనున్నా ఒళ్ళు లేవదన్నాడు. ఆ రెండు ముక్కలు చెప్పడానికి పట్టిన చెమట బాయిలరు షాపులో కూడా ఎప్పుడూ పట్టలేదు.

డాక్టరు ఈసారి నవ్వలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పాడు. రాళ్ళు బాగా కిందికి, మూత్రసంచి దగ్గరకొచ్చి ఇరుక్కున్నాయట. అక్కడ కోసి తీసినప్పుడు చుట్టుపక్కల వాపు వస్తుందట, గొట్టం పెట్టినచోట పుండవుతుందట, ఒళ్ళు నీరసిస్తుందట. కొంతమందికి కొన్నాళ్ళు ఇలా అవుతుందట. దానిమీద భయం పట్టుకుంటే ఆ భయమే ఇంకా బిగించేస్తుందట. చాలామందికి మెల్లగా సర్దుకుంటుంది, అందరికీ అని మాత్రం చెప్పలేను, అన్నాడు.

"ఇది నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి నాకు సెప్పనేదేం?"

"నువ్వు అడగలేదు కదా."

తవిటయ్య లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. "అడగాలా! కోసింది నువ్వు. నా ఒళ్ళు కోసినోడివి, తరవాత ఏటవుతాదో తెలిసినోడివి, నోరు మూసుకుని కూకుని, నాను అడగనేదంటావా? నీళ్ళు తాగమని సెప్పినావు, బరువులెత్తొద్దని సెప్పినావు. ఇది బరువు కాదా?"

"ఇలాంటివి మాట్లాడితే రోగులు సిగ్గుపడతారని..."

"సిగ్గుపడింది నువ్వు! నీ సిగ్గుకి ఏడాదిగా నాను సచ్చినాను!"

డాక్టరు తల దించుకున్నాడు. తప్పు నాదే అన్నాడు. వెళ్ళేముందు, "ముందు నీ భార్యతో మాట్లాడు. ఆమెకి చెప్పు" అన్నాడు మెల్లిగా. తవిటయ్య తలుపు విసిరేసి వచ్చేశాడు.

చెప్పాడా మరి? చెప్పలేదు. దారంతా చెబుదామనే వచ్చాడు. ఇంటికొచ్చేసరికి వెంకటరావు చాపమీద కూర్చుని చెల్లెలి బట్టల పెట్టెకి తాడు చుడుతున్నాడు. గంగాభవాని పక్కన నిలబడి చూస్తోంది, వద్దనడం లేదు. పోవడానికి సిద్ధమైనదానికి చెప్పి ఏం లాభం, అనుకున్నాడు. పట్టాల వైపు నడిచి వెళ్ళిపోయాడు.

ఆదివారం సంగం పాక నిండిపోయింది. మగాళ్ళు చాపల మీద, ఆడవాళ్ళు తడిక పక్కన. మధ్యలో కులపెద్ద. రిటైరైన మేస్త్రీ కాబట్టి అందరూ పెదమేస్త్రి అంటారు, అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. వెంకటరావు చెప్పాల్సింది మర్యాదగానే చెప్పాడు. పెదమేస్త్రి గొంతు సవరించుకుని, "ఏరా తవిటయ్యా, నువ్వేటంటావు?" అన్నాడు.

తవిటయ్య నిలబడ్డాడు. "నాకు కోసి తీసినవి రాళ్ళు. మీరనుకుంటన్నవి కావు. రాయిని పిక్కంటారని డాక్టరుకి ఎవులో తప్పు సెప్పినారు. ఆయన వొచ్చి ఆడోళ్ళకి పిక్క అన్నాడు. నమ్మకపోతే మలంచా ఎల్లండి, రాళ్ళు సీసాలో ఉన్నాయి. జోగమ్మనడగండి."

పాకలో ఎవరో కిసుక్కుమన్నారు. చూస్తుండగానే పాకంతా ఒకటే నవ్వులు. ఈసారి నవ్వు వేరు, ఎగతాళి నవ్వు కాదు, తేలికపడిన నవ్వు. చిలకమ్మ తలబాదుకుని, "నానేటి పాపం సేసినాను తల్లీ!" అని మొదలెట్టింది. పన్ను లేని నోటిని అరచేత్తో మూసుకుని ఆమోసు తలొంచేశాడు. వెంకటరావు కూడా తెల్లబోయి నవ్వాడు.

"ఐతే ఇసయం తేలిపోయింది!" అని పెదమేస్త్రి తొడ చరిచాడు. "ఒట్టి మాట పట్టుకుని ఇంత గోల సేసినాం. ఇంకేటుంది, మిగతాదంతా బాగానే ఉంది కదరా?"

ఊ అంటే చాలు. అందరూ ఇళ్ళకి పోతారు, వెంకటరావు బండెక్కుతాడు, రేపు షాపులో ఆమోసు వచ్చి క్షమించమంటాడు. తవిటయ్య నోరు తెరిచాడు. తడిక పక్కన గంగాభవాని లేచి నిలబడి ఉంది. కొంగు తలమీంచి జారిపోయింది, సర్దుకోలేదు. అతని మొహంలోకే చూస్తోంది.

"నేదు" అన్నాడు తవిటయ్య.

నవ్వులు ఆగిపోయాయి.

"బాగా నేదు. ఆపరేషన్ కాడనుంచి నాను మొగుడిగా పనికి రావడం నేదు. మెల్లగా రావొచ్చు అన్నాడు డాక్టరు. రాకపోవొచ్చు కూడా. ఇప్పుడు నవ్వండి! ఏం, నవ్వరేం? ఏడాది నవ్వినారు కదా, ఇంకోసారి నవ్వండి!" వెంకటరావు వైపు తిరిగాడు. "దాన్ని తీసుకెల్తే తీసుకెల్లండి. ఉండమని అడిగే మొకం నాకు నేదు."

పెదమేస్త్రి గడ్డం గోక్కున్నాడు. వెంకటరావు ఏదో అనబోయేసరికి గంగాభవాని మగాళ్ళ మధ్యలోంచి నడుచుకుంటూ వచ్చి మొగుడి ఎదురుగా నిలబడింది.

"అవి తియ్యనేదా నీకు?"

"నేదు."

"రాళ్ళేనా?"

"రాళ్ళే."

ఆమె అన్న వైపు తిరిగింది. "అన్నా, నువ్వు రేపటి బండికి ఎల్లిపో. నాను రాను. మీ బావకి నయమైనా కాకపోయినా అది మా ఇద్దరి గొడవ, పంచాయితీది కాదు."

మళ్ళీ మొగుడి వైపు తిరిగేసరికి ఆ మొహం మారిపోయింది. ఆ పిల్లకి అంత కోపం ఉందని ట్రాఫిక్‌లో ఎవరికీ తెలీదు.

"సిగ్గుందా నీకు? నా ఎదురుగా ఉంటే నువ్వు కుమిలిపోతావని ఏడాది గోడకి మొకం పెట్టి పడుకున్నాను. నువ్వు పలకరిస్తావని సూసి సూసి కళ్ళు కాయలు కాసినాయి. పెదమేస్త్రి అడిగితే సెప్పినావు. ఊరందరికీ అరిసి సెప్పినావు. పక్కనే ఉన్నాను కదా, నాకు సెప్పనేకపోయినావా?"

తవిటయ్య ఎప్పటిలాగే అరవడానికి నోరు తెరిచాడు. ఏడాదిగా మనిషినంతా నిలబెట్టిన ఆ కోపం ఎక్కడ ఉందా అని తడుముకున్నట్టు నిలబడ్డాడు.

"బయమేసింది" అన్నాడు చివరికి. "సెప్తే ఎల్లిపోతావని బయమేసింది గంగా."

"మరి నాకు వెయ్యనేదా?" అంది గంగాభవాని.